అక్కయ్యగారి చిటికెన వేలు

ఆ లాబ్‌లో అందరికీ ఆవిడ అక్కయ్యగారే. డాక్టరమ్మకీ అక్కయ్యగారే, జూనియర్‌కీ అక్కయ్యగారే, మందు సీసాలు దింపడానికి వచ్చే వ్యాను డ్రైవరుకీ అక్కయ్యగారే. ఆవిడకి ఉన్న గొప్పంతా కుడిచేతి చిటికెన వేల్లో ఉంది. నవ్వకండి, చెప్తాను.

మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క ఏదైనా సరే, ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయమైనా, గొంతులోంచి పైపు దించి గిల్లుకొచ్చిన ఆవగింజంత కండైనా, ఆ లాబ్‌కి వచ్చిందంటే ముందు కుళ్ళకుండా ఫార్మలిన్‌లో నానుతుంది. తర్వాత స్పిరిట్లో మునిగి ఉన్న తడంతా వదులుకుంటుంది. ఆ తర్వాత కరిగిన మైనంలో కూర్చుని గడ్డ కడుతుంది. ఆ మైనపు గడ్డనే బ్లాకు అంటారు. బ్లాకుని మిషన్ మీద బిగించి, ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి, ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలేసి, గాజు స్లైడుతో కిందినుంచి మెల్లగా ఎత్తుకుంటారు. దానికి రంగులు పట్టిస్తే గానీ డాక్టరమ్మకి మైక్రోస్కోపులో ఏమీ కనపడదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ పొర గాజుని పట్టుకుని ఉండాలా వద్దా? నీలం రంగులో ముంచి, కుళాయి కింద కడిగి, గులాబీ రంగులో ముంచి, మళ్ళీ కడిగి, ఇన్ని స్నానాలు చేయిస్తారే, మధ్యలో ఊడి కొట్టుకుపోతే ఇంకేముంది?

అందుకో జిగురు ఉంది. కోడిగుడ్డు తెల్లసొన, గ్లిసరిన్ సమంగా కలిపి వడగట్టి, పాడవకుండా కాస్త మందు వేసి సీసాలో పెట్టుకుంటారు. జిగురు పూసిన స్లైడులు బజార్లో దొరుకుతున్నాయని డాక్టరమ్మ ఎన్నోసార్లు అంది. అక్కయ్యగారు వింటేనా. గుడ్లు ఆవిడే తెస్తుంది, జిగురు ఆవిడే కలుపుతుంది, చిటికెన వేలి చివర ఇంత చుక్క అద్దుకుని గాజు మీద ఒక్కసారి అలా రాస్తుంది. ఎక్కువైతే జిగురు కూడా రంగు పట్టి డాక్టరమ్మ విసుక్కుంటుంది. తక్కువైతే పొర ఊడిపోతుంది. ఆ కొలత నా వేలికే తెలుసంటుంది ఆవిడ. దానికోసం గ్లౌజు తీసేస్తుంది. బ్రష్షు పేరెత్తితే మొహం మాడ్చుకుంటుంది.

జూనియర్ పాపం ఎన్నిసార్లు అడిగాడో. జూనియర్ అంటే కుర్రాడనుకునేరు. ఇద్దరు పిల్లల తండ్రి. అతని తర్వాత ఆ లాబ్‌లో ఎవరూ చేరలేదు గనక, ఆ పేరు అతన్ని వదల్లేదు.

"ఒక్క స్లైడు నేను రాస్తానక్కయ్యగారూ."

"నీ వేలు లావయ్యా. నువ్వు పొరలు కొయ్యి చాలు."

అతను తన వేలు ఒకసారి చూసుకుని మళ్ళీ మిషను తిప్పుకునేవాడు.

అలాంటి లాబ్‌లో స్లైడులు ఖాళీగా రావడం మొదలెట్టాయి.

దానికి కాస్త ముందు ఇంటి సంగతి చెప్పాలి. అక్కయ్యగారి వియ్యంకుడికి, అంటే కోడలి నాన్నకి, చాలాకాలంగా కడుపులో మంట. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే చాలు, ఆయనకి టక్కున తగ్గిపోయేది. చివరికి కూతురు ఏడ్చి మొత్తుకుంటే వెళ్ళి పైపు మింగి వచ్చాడు. వచ్చింది మొదలు ఆ పైపు కథే. ఫోనులో, గుమ్మంలో, ఎదురింటివాళ్ళతో కూడా అదే.

"ఒక్కసారి మింగాను చెల్లెమ్మా, పిల్ల మొహం చూసి. ఇంకోసారి పైపు అన్నారంటే ఇల్లొదిలి పోతాను. ఆ తర్వాత నా ఖర్మ."

అన్నంత పనీ చేసే మనిషి. అందులో ఎవరికీ అనుమానం లేదు. పైపు దించిన డాక్టరుకి లోపల పుండులాంటిది కనపడింది. దాని అంచుల్లోంచి నాలుగు చిన్న ముక్కలు గిల్లి తీశాడు. ఆ పుండు మామూలుదో కాదో ముక్కలే చెప్పాలి. ఆ "కాదో" అన్నమాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి గొంతులోనూ అదే అడ్డం పడి ఉంది.

ముక్కలు అక్కయ్యగారి లాబ్‌కే వచ్చాయి. ఆ సాయంత్రం కోడలు ఆవిడ గదిలోకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. అత్తాకోడళ్ళ మధ్య గొడవలేం లేవు. ఉంటే కాస్త మాటలైనా నడిచేవి. "టీ పెట్టనా అత్తయ్యా", "తలుపు వేశానత్తయ్యా", అక్కడితో సరి. ఇద్దరూ మర్యాదస్తులైపోయి, ఆ మర్యాదలో బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారు. అలాంటి పిల్ల ఆవేళ ఒక ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది.

"మీ చేతులు చూస్తుంటే నాకు భయమేస్తోందత్తయ్యా. రక్తం వస్తోంది. ఈ క్రీము రాసుకోండి. చేతులు కడుక్కున్నప్పుడల్లా రాసుకోవాలి." కాస్త ఆగి, "నాన్నవి ఈ చేతుల్లోకే కదా వచ్చేది" అంది.

అక్కయ్యగారి మనసు కరిగిపోయింది. స్పిరిట్లూ మైనం కరిగించే జైలీన్లూ తాగి తాగి ఆ చేతులు ఎండాకాలపు నేలలా పగిలిపోయి ఉంటాయి. ఇన్నేళ్ళలో కట్టుకున్నవాడు గానీ కన్నవాడు గానీ ఆ చేతుల వంక చూసిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చూసింది. మర్నాడు పొద్దున కోడలి కళ్ళ ముందే క్రీము రాసుకుని మరీ బయల్దేరింది. ట్యూబు సంచిలో వేసుకుంది. కోడలు చెప్పింది చెప్పినట్టు, లాబ్‌లో చెయ్యి కడిగినప్పుడల్లా రాసుకుంది. గులాబీల వాసన. ఫార్మలిన్ కంపు కొట్టే ఆ గదిలో ఎప్పుడూ లేనిది ఒక సువాసన.

"ఈమధ్య మన లాబ్ బాగుందక్కయ్యగారూ" అన్నాడు జూనియర్ ముక్కు ఎగబీలుస్తూ.

"పని చూడవయ్యా" అంది ఆవిడ లోపల మురిసిపోతూ.

ముందు ఎవరిదో పిత్తాశయం పోయింది. కుళాయి కింద కడుగుతుంటే పొర అంచు లేచి, మెల్లగా ముడుచుకుని, తూములోకి జారిపోయింది. పెద్ద ముక్కే గనక బ్లాకులో కావలసినంత ఉంది, మళ్ళీ కోశారు. అది సగం ఊడింది. తర్వాత ఎవరిదో అపెండిక్సు. అసలే అది ఒంట్లో ఉండి ఏడిపించింది, గాజు మీద కూడా కుదురుగా కూర్చోలేదు. అక్కయ్యగారు జిగురు పాతదైందని పారబోసి కొత్తది కలిపింది.

ఆ కొత్త జిగురు మీదే వియ్యంకుడి ముక్కల్ని ఎత్తింది. మిషన్ మీద పొర అందంగా వచ్చింది. తొట్టిలో అందంగా తేలింది. స్లైడు మీద నాలుగు చుక్కలూ ముచ్చటగా కూర్చున్నాయి. నీలం రంగులోంచి తీసి కుళాయి కింద పెట్టేసరికి, నాలుగూ చెయ్యి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయాయి. చేతిలో బోడి గాజు మిగిలింది.

అక్కయ్యగారు కుళాయి కట్టేసింది. తూములోకి చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

డాక్టరమ్మ వచ్చి మిషన్ మీదున్న బ్లాకు మీదికి దీపం వంచి చూసింది. మైనంలో నాలుగు చుక్కలు ఇంకా కనపడుతున్నాయి గానీ, పల్చగా.

"ఇంకో నాలుగైదు పొరలకి సరిపోతుందేమో. అంతే. కారణం తెలిసేదాకా దీన్ని కొయ్యొద్దు అక్కయ్యగారూ."

"పెద్ద లాబ్‌కి పంపిద్దామా మేడమ్?"

"వేరే మిషన్ మీద బిగించి తిన్నగా సర్దుకునేసరికే ఈ కాస్తా అరిగిపోతుంది. ఉన్న మిషన్ మీంచి తియ్యకండి. జిగురు పూసిన స్లైడులు అడిగాను, వచ్చేవారం గానీ రావట. రేపు సాయంత్రం దాకా చూద్దాం. తేలకపోతే ఆయన్ని మళ్ళీ ఎండోస్కోపీకి రమ్మనడమే."

మళ్ళీ పైపు. ఆయన రాడు. అక్కయ్యగారికి తెలుసు, డాక్టరమ్మకి తెలీదు. ఆ మైనంలో మిగిలిన నాలుగు నలుసులే వియ్యంకుడి జాతకం.

ఇంక చూడండి ఆవిడ హడావిడి. ఉన్న రెండు మిషన్లలో మంచిదాని మీద ఆ బ్లాకు అలాగే ఉంచి, "చెయ్యి పెడితే ఊరుకోను" అని చీటీ అంటించింది. మిగతా కోతలన్నీ కిర్రుమని మొత్తుకునే పాత మిషన్ మీదే. గుడ్ల కొట్టుకి వెళ్ళి గుడ్లవాణ్ణి నిలదీసింది.

"ఈ గుడ్లు ఎప్పటివి?"

"పొద్దుటివేనమ్మా. ఎందుకు, అట్టు సరిగా రాలేదా?"

"అట్టు కాదయ్యా, అంటుకోవట్లేదు."

"అట్టు అంటుకోకపోతే మంచిదే కదమ్మా" అన్నాడు వాడు. వాడికేం చెప్తాం.

కొత్త గుడ్లు, కొత్త గ్లిసరిన్. ఊడింది. స్లైడుల పెట్టె మార్చింది. ఊడింది. నీళ్ళ తొట్టి వేడి తగ్గించింది, స్లైడులు ఆరబెట్టే పలక వేడి పెంచింది, కుళాయి ధార సన్నం చేసింది. ఊడింది, ఊడింది, ఊడింది. వీటన్నిటి మధ్య ఆవిడ కళ్ళజోడు ఒకటి. ఈమధ్య ఎంత తుడిచినా మసకే. తుడుస్తుంది, పెట్టుకుంటుంది, మళ్ళీ మసక. కళ్ళజోళ్ళవాడు నాసిరకం అద్దాలు అంటగట్టాడని వాణ్ణి కూడా నాలుగు తిట్టింది.

అప్పుడు ఆవిడకి తట్టింది. పొర గాజుని పట్టుకోవట్లేదంటే గాజు మీద నూనె జిడ్డు ఉండాలి. ఆహా, ఎంత బాగా ఆలోచించింది. అంత బాగా ఆలోచించి, చటుక్కున తిరిగి జూనియర్ తల వంక చూసింది. నున్నగా దువ్వి, నిగనిగలాడే తల.

"ఏమయ్యా, నీ తలకి రాసేది ఏం నూనె?"

"కొబ్బరి నూనేనండి."

"ఆ తల నిమురుకున్న చేత్తోనే కదా నువ్వు స్లైడులు ముట్టుకునేది?"

"నేను స్లైడులు ముట్టుకోనుగా అక్కయ్యగారూ. మీరు ముట్టుకోనివ్వరుగా."

"పెట్టెలు తెచ్చేది నువ్వు కాదూ? వెళ్ళి తల రుద్దుకునిరా."

పాపం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి రెండుసార్లు తలంటుకుని వచ్చాడు. నూనె లేని ఆ జుట్టు నిక్కబొడుచుకుని చీపురులా నిలబడింది. డాక్టరమ్మ అతన్ని చూసి ఏదో అనబోయి, అక్కయ్యగారి మొహం చూసి మానుకుంది. ఆ సాయంత్రం కూడా స్లైడులు ఊడాయి. "తలలో ఇంకా మిగిలి ఉంటుంది" అంది అక్కయ్యగారు. అన్నాక తనకే సిగ్గేసింది, కానీ బయటపడలేదు.

ఇంట్లో కోడలు అడగలేదు. అడిగినా బాగుండేది. టీ కప్పు బల్ల మీద పెట్టి ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయింది. అక్కయ్యగారు ఆ టీ పక్కకి జరిపి, క్రీము తీసి చేతులకి మరింత దట్టంగా రాసుకుంది. ఆ పిల్ల చెప్పినది అదొక్కటైనా సరిగ్గా చేద్దామని.

మర్నాడు మధ్యాహ్నం అయింది. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు గోడ గడియారం వంక చూసింది. అక్కయ్యగారు పిత్తాశయం పొర ఒకటి తొట్టిలో వేసి, ఎక్కడైనా మెలిక ఉందేమోనని వంగి చూస్తోంది. తొట్టి మీద ఆవిరి లేచి కళ్ళజోడుకి పట్టింది. లోకమంతా తెల్లబడింది. ఒక్కచోట తప్ప. కుడి అద్దం మీద, చిటికెన వేలంత మచ్చలో మాత్రం ఆవిరి అంటలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. వేలి గీతలతో సహా కనపడుతోంది. వేలు పక్కన పెట్టి చూసింది. సరిపోయింది. పొద్దున జిగురు రాసి పెట్టుకున్న స్లైడు ఒకటి తీసి నోటితో హా అని ఊదింది. గాజంతా మసకేసింది. నట్టనడుమ, పొర కూర్చోవాల్సిన చోట, అదే మచ్చ. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

గులాబీలు.

అక్కయ్యగారు స్టూలు మీద కూలబడింది. ముందు సంతోషం తన్నుకొచ్చింది, దొరికింది, దొంగ దొరికింది అని. ఆ వెనకే దొంగ ఎవరో గుర్తొచ్చింది. ప్రపంచంలో ఉన్న గుడ్లవాళ్ళనీ కళ్ళజోళ్ళవాళ్ళనీ ఆడిపోసుకున్నానే, కడిగిన చెయ్యి కడిగినట్టే ఉంచకుండా ప్రతిసారీ దానికి నూనె పట్టించి, ఆ వేలే తీసుకెళ్ళి గాజు మీద రుద్దానే అని. తలెత్తేసరికి ఎదురుగా జూనియర్ జుట్టు. ఆ జుట్టు వంక చూడలేకపోయింది.

"మేడమ్, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. డాక్టరమ్మ వచ్చింది. "నా వేలే మేడమ్. క్రీము రాసుకుంటున్నాను. జిడ్డు నాదే, ఇతనిది కాదు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని అందరికీ తెలుస్తూనే ఉంది. జూనియర్ మాత్రం చాలా గంభీరంగా అడిగాడు.

"అంటే రేపట్నుంచి నూనె రాసుకోవచ్చా అక్కయ్యగారూ?"

"రాసుకో నాయనా. దోసెడు పోసుకో. నేనే తెచ్చిస్తాను."

చేతులు సబ్బుతో తోముకుంది. స్పిరిట్‌తో తుడుచుకుంది. మళ్ళీ తోముకుంది. పగుళ్ళు భగ్గుమన్నాయి. కడిగిన వేలితో స్లైడు ముట్టుకుని ఊది చూస్తే, మచ్చ సన్నగా ఇంకా ఉంది. పగుళ్ళలోకి దిగిన క్రీము అంత తొందరగా పోతుందా. ఆవిడ జిగురు సీసా వంక కాసేపు చూసింది. తర్వాత దాన్ని జూనియర్ ముందుకి జరిపింది.

"నువ్వు రాయి."

అతను నమ్మలేదు. "నా వేలు లావు కదండీ."

"సన్నబడింది. రాయవయ్యా."

స్పిరిట్‌తో కడిగిన కొత్త స్లైడు తీసుకుని, అతను చిటికెన వేలు సీసా మూతికి అద్ది, ఊపిరి బిగబట్టి రాశాడు. ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. అక్కయ్యగారికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది, ఆ మాట దాచి ఏం లాభం. ముందు పిత్తాశయం పొర ఎత్తి చూశారు. ఆరబెట్టి, మైనం కరిగించి, నీలంలో ముంచి, కుళాయి కింద పట్టారు. కదల్లేదు. ధార పెంచారు. మొండికేసి కూర్చుంది.

అప్పుడు మంచి మిషన్ మీది చీటీ పీకేశారు. పొర అక్కయ్యగారే కోసింది. బ్లేడు ఒక్కో పొర తీస్తుంటే మైనంలో చుక్కలు ఇంకాస్త చిన్నవవుతున్నాయి. నాలుగు పొరలు వచ్చాయి. ఐదోది తీస్తే అందులో ఉత్త మైనమే. జూనియర్ రాసిన స్లైడు మీదికి వాటిని ఎత్తింది. కుళాయి దగ్గర మాత్రం తను నిలబడలేకపోయింది.

"నువ్వు పట్టుకో. నేను చూడను" అని గోడవైపు తిరిగింది.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆవిడ ప్రాణాలన్నీ ఆ చప్పుడులోనే ఉన్నాయి.

"ఉన్నాయక్కయ్యగారూ" అన్నాడు జూనియర్. "అన్నీ ఉన్నాయి."

డాక్టరమ్మ స్లైడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి, మళ్ళీ మొదటి దానికి. తలెత్తకుండానే అంది.

"పుండే అక్కయ్యగారూ. మామూలు పుండే. ఇక్కడ బాక్టీరియా కూడా కనపడుతోంది, మంట పెట్టింది ఇదే. మందులు మింగితే పోతుంది. మీరు భయపడినట్టు ఏమీ లేదు."

భయపడ్డానని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అయినా వెక్కి వెక్కి ఏడ్చింది. జూనియర్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏం చెయ్యాలో తోచక తన జుట్టు కిందికి అదుముకుంటూ నిలబడ్డాడు.

వియ్యంకుడికి డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పింది. అంతా విని ఆయన అడిగింది ఒకే మాట, "అయితే మళ్ళీ పైపు ఉండదుగా?"

ఇంటికెళ్ళేసరికి కోడలు వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. అత్తగారిని చూసి దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్నది అలాగే ఆగి, చేతులు తిప్పి చూసింది. సబ్బుతో, స్పిరిట్‌తో తోమి తోమి ఎర్రగా విచ్చుకున్న పగుళ్ళు.

"క్రీము మానేశారా?" గొంతు చిన్నబోయింది. "నచ్చలేదా అత్తయ్యా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అయిపోయిందనొచ్చు, పోయిందనొచ్చు. అక్కయ్యగారు ఆ పిల్ల మొహం చూసి స్టూలు లాక్కుని కూర్చుని, పిత్తాశయం దగ్గర్నుంచి మొదలెట్టి పూసగుచ్చినట్టు చెప్పింది. గుడ్లవాడు, కళ్ళజోడు, జూనియర్ తలంటు, అద్దం మీద ఆవిరి, ఏదీ వదల్లేదు. కోడలు మొహం మొదట తెల్లబోయింది. తన క్రీము తన నాన్న ముక్కల్ని తూములో కలిపిందని అర్థమయ్యేసరికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. జూనియర్ జుట్టు చీపురైన చోటికి వచ్చేసరికి ఆ చేతి వెనకనుంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. పొయ్యి మీద పాలు పొంగి పొర్లిపోయినా లేవకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగాక కోడలు లేచి పొయ్యి కట్టేసింది. అత్తగారి సంచిలోంచి తనే ట్యూబు తీసుకొచ్చి, నేల మీద కూర్చుని ఆవిడ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలికి రాసింది. చూపుడు వేలికి, నడిమి వేలికి, ఉంగరం వేలికి, ఒక్కో పగులు వెతికి వెతికి రాసింది. అక్కడ ఆగి ట్యూబుకి మూత పెట్టేసింది.

"ఇదీ పగిలిందిగా" అంది అక్కయ్యగారు చిటికెన వేలు చూపిస్తూ.

"అది మీది కాదత్తయ్యా" అంది కోడలు. "అది లాబ్‌ది."